కేన్స్‌లో మన సినిమా: ఎంపికైందా, అద్దె హాల్లో ఆడిందా?

రీలుబండి | 17 మే 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బావమరిది (మా ఆవిడ తమ్ముడు) పద్దెనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశాడు. బాగానే తీశాడు, అబద్ధం చెప్పను. ఇప్పుడు ఊళ్లో సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టారు: "కేన్స్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో మన ఊరి ముద్దుబిడ్డ". మా మామగారు వీధి వీధికీ స్వీట్లు పంచారు. నిన్న ఆఫీసులో ఒకాయన "ఏ సెక్షన్లో అండీ?" అని అడిగాడు. ఫెస్టివల్ సైట్ తెరిచి పైనుంచి కిందిదాకా వెతికాను, వాడి సినిమా పేరు లేదు. వాణ్ణే అడిగితే "మార్కెట్లో వేశారు బావా, అదీ కేన్సే కదా" అన్నాడు.

ఈ మార్కెట్ ఏంటి? ఇంకోటి, పోయినేడు డైరెక్టర్ పాయల్ కపాడియా వాళ్లు 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' సినిమాతో వెళ్లింది కూడా ఇలాగేనా? తెలిసినవాళ్లు చెప్పండి. వాడి మీద జోకులు మాత్రం వద్దు, మా ఆవిడ ఈ థ్రెడ్ చదువుతుంది.

సబ్‌టైటిల్_రాణి | 17 మే, రాత్రి 10:25

నేను సబ్‌టైటిల్స్ పని చేస్తాను. ఒక ప్రొడ్యూసర్‌తో రెండుసార్లు కేన్స్ వెళ్లాను, రెండుసార్లూ మార్కెట్‌కే. కాబట్టి ఇది నా సబ్జెక్టే.

ఒకే ఊళ్లో ఒకే పన్నెండు రోజుల్లో నాలుగైదు తిరునాళ్లు జరుగుతాయనుకోండి. అందులో పెద్దది అసలు ఫెస్టివల్. ప్రపంచమంతటి నుంచి వచ్చిన సినిమాలు చూసి వాళ్లే ఎంచుతారు. ప్రధాన పోటీకి ఇరవై చిల్లర సినిమాలు వెళ్తాయి, బంగారు కొమ్మ (పామ్ దోర్) వాటిలో ఒకదానికే. దాని పక్కన కొత్త తరహా సినిమాలకు అన్ సర్టెన్ రిగార్డ్, పాత సినిమాలకు కేన్స్ క్లాసిక్స్, ఫిల్మ్ స్కూల్ పిల్లలకు లా సినెఫ్. ఇవన్నీ ఒక గొడుగు కింద ఉంటాయి.

రెండో రకం, పక్కనే విడిగా నడిచేవి. డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్, క్రిటిక్స్ వీక్, ఏసిడ్. వీటి ఎంపిక కమిటీలు వేరు, కానీ ఇక్కడా ఎంపిక ఉంటుంది, గౌరవమూ ఉంటుంది.

ఇక మార్కెట్. 1959 నుంచి నడుస్తోంది. సినిమాలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు వేలల్లో వస్తారు. అక్కడ ఎంపిక ఉండదు. హాలు, టైము బుక్ చేసుకుని డబ్బు కడితే మీ సినిమా వేస్తారు. షార్ట్ ఫిల్మ్‌లకు విడిగా ఒక కార్నర్ ఉండేది, అక్కడికీ రిజిస్ట్రేషనే. ఇందులో మోసమేమీ లేదు, రైతుబజార్లో గంప దించుకున్నట్టే. కానీ బజార్లో గంప దించి "నాకు ఉత్తమ రైతు అవార్డు వచ్చింది" అని ఫ్లెక్సీ వేయకూడదు కదా.

నేను వెళ్లిన మొదటిసారి మా స్క్రీనింగ్‌కి పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు మా వాళ్లే. ఒకాయన ఏసీ కోసం వచ్చి నిద్రపోయాడు. మర్నాడు మన పేపర్లో "కేన్స్‌లో నీరాజనం" అని వచ్చింది. ఆ మాట రాసి పంపింది మేమే.

నేలటిక్కెట్ | 17 మే, రాత్రి 11:02

😂😂 ఏసీ కోసం వచ్చినాయన ఎవరో గానీ నా మనిషి.

నా డౌట్ వేరే. వాళ్లు ఎంచితే గొప్ప, ఎంచకపోతే కాదా? ఫ్రాన్స్‌లో కోటు వేసుకున్న పెద్దమనుషులు ఎనిమిది నిమిషాలు చప్పట్లు కొడితే మనం ఇక్కడ పొంగిపోవడమేంటి? ఆ నిమిషాలు ఎవరు లెక్కపెడతారో కూడా తెలీదు.

నీస్_నెల్లూరోడు | 18 మే, ఉదయం 11:15

ఫెస్టివల్ వాళ్లెవరూ లెక్కపెట్టరు బ్రో, విలేకర్లే ఫోన్లో టైమర్ పెట్టుకుంటారు. నిజంగానే.

నేను ఉండేది నీస్‌లో, కేన్స్ రైల్లో అరగంట పైచిలుకు. పోయినేడు మే 23న సెలవు పెట్టి వెళ్లాను. టికెట్ లేదు. అక్కడ ఒక ఆచారం ఉంది: సూటూ బూటూ వేసుకుని, అట్టముక్క మీద సినిమా పేరు, "ఒక్క ఇన్విటేషన్ ప్లీజ్" అని రాసి పట్టుకుని నిలబడతారు. అడుక్కోవడమే, కాకపోతే బో టై కట్టుకుని. నేనూ స్కెచ్ పెన్నుతో రాసుకుని గంటన్నర నిలబడ్డాను. టికెట్ దొరకలేదు. కాలికి కొత్త బూటు కరిచింది.

కానీ మెట్ల దగ్గర చూడాల్సింది చూశాను. సాధారణంగా అక్కడ మనవాళ్లంటే మేకప్ కంపెనీ తరఫున వచ్చే హీరోయిన్లే. ఆ రోజు వచ్చింది సినిమా తీసినవాళ్లు. పాయల్ కపాడియా, కనీ కుస్రుతి, దివ్య ప్రభ, ఛాయా కదమ్, హృదు హరూన్. కనీ చేతిలో పుచ్చకాయ ముక్క ఆకారంలో చిన్న బ్యాగు, పాలస్తీనాకు మద్దతుగా. ఎర్ర తివాచీ మీద అందరూ కలిసి డాన్స్ చేసేశారు. మన పెళ్లి ఊరేగింపులో బ్యాండు ముందు చేస్తారే, సరిగ్గా అలా. నా పక్కన నిలబడ్డ ఫ్రెంచి ముసలావిడ "వీళ్లు ఎవరు?" అని అడిగింది. "మావాళ్లు" అన్నాను. ముప్పై ఏళ్ల తర్వాత ప్రధాన పోటీకి వచ్చిన భారతీయ సినిమా అది. అంతకుముందు 1994లో షాజీ ఎన్. కరుణ్ 'స్వాహం'.

రెండు రోజుల తర్వాత గ్రాండ్ ప్రి వచ్చింది, అంటే పామ్ దోర్ తర్వాతి స్థానం. నేను అప్పుడు ఆఫీసు క్యాంటీన్లో ఉన్నాను. ఎవరికి చెప్పాలో తెలీక మా అమ్మకి ఫోన్ చేశాను. "అందులో హీరో ఎవర్రా?" అంది.

ఐసియూ_డ్యూటీ | 18 మే, మధ్యాహ్నం 2:50

'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' నేను నైట్ డ్యూటీ దిగొచ్చి ఫోన్లో చూశాను. మంచి పని కాదని తెలుసు, తిట్టకండి. నేను నర్సుని. మా హాస్టల్ గదిలో ఇద్దరు మలయాళీ అమ్మాయిలు ఉండేవాళ్లు.

సినిమాలో ఇద్దరు మలయాళీ నర్సులు ముంబైలో ఒక గదిలో ఉంటారు. పెద్దావిడ ప్రభ భర్త పెళ్లయ్యాక జర్మనీ వెళ్లిపోయాడు, చాన్నాళ్లుగా ఫోన్ కూడా లేదు. ఒకరోజు జర్మనీ నుంచి ఎర్ర రంగు రైస్ కుక్కర్ పార్సిల్ వస్తుంది. ఉత్తరం లేదు, పేరు లేదు. రాత్రి ఒంటరిగా ఆ కుక్కర్ని ఒళ్లోకి తీసుకుని, కావలించుకుని కూర్చుంటుంది. ఒక్క మాట ఉండదు. నేను అక్కడ పాజ్ చేసి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నా. మా సీనియర్ అక్క ఒకామెకి భర్త గల్ఫ్ నుంచి మిక్సీ పంపాడు. ఆమె ఆ అట్టపెట్టెని కూడా పారేయలేదు, బట్టలు పెట్టుకుంది.

చప్పట్లు ఎన్ని నిమిషాలో నాకు తెలీదు నేలటిక్కెట్ గారూ. మా డ్యూటీ గదులు, మా టిఫిన్ డబ్బాలు అంత దగ్గరగా చూపించిన సినిమా మాత్రం నేను ఇంకోటి చూడలేదు.

నేలటిక్కెట్ | 18 మే, మధ్యాహ్నం 3:20

అమ్మా, మీతో వాదించను. సినిమా బాగుండొచ్చు. నేననేది అది ఎవరి సినిమా అని. డబ్బు ఫ్రాన్స్‌ది, నెదర్లాండ్స్‌ది, లక్సెంబర్గ్‌ది, ఇటలీది. ఎడిటర్ ఫ్రెంచి ఆయన. మన ఫిల్మ్ ఫెడరేషన్ వాళ్లే దాన్ని పక్కనపెట్టి ఆస్కార్‌కు 'లాపతా లేడీస్' పంపారు కదా. ఇండియాలో జరిగే యూరప్ సినిమా చూస్తున్నట్టుందని జ్యూరీ అన్నట్టు వాళ్ల అధ్యక్షుడే చెప్పాడు.

నైట్‌షో | 18 మే, సాయంత్రం 5:08

ఆ మాట వినే అప్పట్లో నేను ఫోన్ విసిరేయబోయాను. రాసి, తీసిన అమ్మాయి మనమ్మాయి. కెమెరా రణబీర్ దాస్. నటులందరూ మనవాళ్లే. భాష మలయాళం, హిందీ. ముంబై వాన, రత్నగిరి సముద్రం. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఒక ఫ్రెంచాయన కూర్చుంటే సినిమా పాస్‌పోర్టు మారిపోతుందా?

ఇంకో మాట. మన పాత సినిమాల్ని మద్రాసు ల్యాబుల్లో తమిళులు కడిగారు, ఎడిట్ చేశారు. అవి తమిళ సినిమాలైపోయాయా?

సబ్‌టైటిల్_రాణి | 18 మే, సాయంత్రం 6:30

డబ్బు సంగతి చెప్తాను, ఇది చాలామందికి తెలీదు.

ఇలాంటి స్క్రిప్టు పట్టుకుని మన ఫైనాన్షియర్ దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న "హీరో ఎవరు?", రెండోది "శాటిలైట్ ఎంతొస్తుంది?". యూరప్‌లో కథ చూసి డబ్బిచ్చే నిధులు ఉన్నాయి. రాటర్‌డామ్ ఫెస్టివల్ వాళ్లది ఒకటి (హ్యూబర్ట్ బాల్స్ ఫండ్), ఇతర దేశాల సినిమాలకు ఫ్రాన్స్ ప్రభుత్వానిది ఒకటి. ఒక్కో చోట కొంత. అందుకే టైటిల్స్‌లో అన్ని దేశాల పేర్లు. వాళ్ల మెలిక ఏంటంటే, ఇచ్చిన దాంట్లో కొంత వాళ్ల దేశంలోనే ఖర్చు పెట్టాలి. ఎడిటర్ అక్కడాయన, సౌండ్ మిక్సింగ్ అక్కడ, ఇలా సర్దుకుంటారు.

మన సర్కారు చెయ్యి అసలు లేదనీ కాదు. ఫ్రాన్స్‌తో 1985 నుంచి కో-ప్రొడక్షన్ ఒప్పందం ఉంది. ఆ లెక్కలో ఈ సినిమాకు అధికారిక హోదా, అర్హమైన ఖర్చులో 30 శాతం తిరిగిచ్చేందుకు మధ్యంతర ఆమోదం వచ్చాయని సమాచార శాఖే ప్రకటించింది. నేను విన్నంతలో ఇలాంటి రీఫండ్లకు బిల్లుల ఫైలు సినిమా కన్నా లావుగా ఉంటుంది.

రీలుబండి గారూ, మీ బావమరిదికి చెప్పండి. పాయల్ 2024లో ఒక్కసారిగా ఊడిపడలేదు. 2017లో ఎఫ్‌టీఐఐ (పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) స్టూడెంట్‌గా తీసిన షార్ట్ ఫిల్మ్ కేన్స్ విద్యార్థుల విభాగంలో ఆడింది. 2021లో డాక్యుమెంటరీ డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్‌లో వేశారు, ఆ ఏడాది కేన్స్‌లో ఉత్తమ డాక్యుమెంటరీ బహుమతి దానికే. మూడో మెట్టు మీద పోటీ.

చిత్తూరు_చింతకాయ | 18 మే, రాత్రి 8:12

ఒక చిన్న లింకు మాదీ ఉంది. పాయల్ చదువుకున్నది మా మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూల్లో. నేను ఆ గేటు ముందు నుంచి పదేళ్లు ఆర్టీసీ బస్సులో తిరిగా. లోపలికి మాత్రం పోనీలేదు. 🙂

ఇంకోటి, ఆ సినిమాను ఇండియాలో రిలీజ్ చేసింది రానా వాళ్ల స్పిరిట్ మీడియా. 2024 నవంబర్ 22న. మా ఊళ్లో రాలేదనుకోండి, బెంగళూరు పోయి చూసొచ్చా. హాల్లో పద్నాలుగు మంది. ఇంటర్వెల్‌లో ఒకాయన "ఫైట్ ఎప్పుడొస్తుంది సార్" అని నన్నే అడిగాడు. నేనేదో ప్రొడ్యూసర్‌ని అయినట్టు "సెకండాఫ్‌లో" అని చెప్పేశా.

నైట్‌షో | 18 మే, రాత్రి 9:45

పాయల్ గురించి చెప్పి ఎఫ్‌టీఐఐ సమ్మె వదిలేస్తే ఎలా? 2015లో టీవీ నటుడు గజేంద్ర చౌహాన్‌ను చైర్మన్‌గా వేసినందుకు విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. ఆ విద్యార్థుల్లో పాయల్ ఒకరు, పోలీసు కేసు కూడా పెట్టించుకున్నారు. తొమ్మిదేళ్ల తర్వాత గెలవగానే అందరూ "మా సంస్థ పూర్వ విద్యార్థిని" అని ట్వీట్లు. కేసు మాట ఎత్తినవాళ్లు తక్కువ.

అదే ఏడాది ఇంకో ఎఫ్‌టీఐఐ కుర్రాడు చిదానంద నాయక్ లా సినెఫ్‌లో మొదటి బహుమతి కొట్టాడు. మైసూరు వాడు, చదివింది ఎంబీబీఎస్. కన్నడ జానపద కథ: ఊళ్లో కోడిపుంజును ఒక ముసలావిడ ఎత్తుకుపోతుంది, దాంతో ఆ ఊళ్లో తెల్లవారదు. పదహారు నిమిషాలు. కోర్సులో సంవత్సరం చివర చేయాల్సిన ఎక్సర్‌సైజ్‌గా, నాలుగు రోజుల్లో తీశాడు. రీలుబండి అన్నా, మీ బావమరిదికి చూపించాల్సింది ఇదీ. ఆ నిడివిలో, ఆ బడ్జెట్‌లో కూడా అసలు తలుపు నుంచే లోపలికి పోవచ్చు. మూడో బహుమతి పంచుకున్నవాళ్లలో మాన్సీ మహేశ్వరి అని మన మీరట్ అమ్మాయి ఉంది, బ్రిటన్‌లో చదువుతూ తీసింది.

అన్ సర్టెన్ రిగార్డ్‌లో ఉత్తమ నటి అనసూయా సేన్‌గుప్తా, కోల్‌కతా. అప్పటిదాకా ఆమె పని ప్రొడక్షన్ డిజైన్. ఆమె నటించిన సినిమా డైరెక్టర్ బల్గేరియా ఆయన. అంటే నేలటిక్కెట్ లెక్కలో ఆ అవార్డు బల్గేరియాకి పోవాలి.

పాత_రీలు | 19 మే, ఉదయం 6:10

పిల్లలూ, నాకు డెబ్బై రెండు. టైపింగ్ నెమ్మది, తప్పులుంటే సర్దుకోండి.

ఎవరి సినిమా అని వాదించుకుంటున్నారు. 1977లో 'ఒక ఊరి కథ' వచ్చింది. డైరెక్టర్ మృణాల్ సేన్, బెంగాలీ. కథ ప్రేమ్‌చంద్‌ది, హిందీ–ఉర్దూ. ప్రధాన పాత్ర వేసిన వాసుదేవరావు కన్నడిగుడు. కోడలు వేసిన మమతా శంకర్ బెంగాలీ అమ్మాయి. సినిమా మాత్రం తెలుగు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు ఇచ్చారు. చెకోస్లవేకియాలో కార్లోవీ వారీ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది. తెలుగు సినిమా అని మనం ఈరోజు దర్జాగా చెప్పుకోవట్లేదా?

నేను అది విజయవాడలో ఫిల్మ్ సొసైటీ షోలో చూశాను. పదహారు ఎం.ఎం. ప్రొజెక్టర్, గోడకు కట్టిన దుప్పటి. రీలు మార్చే గ్యాపులో అందరం బయటికొచ్చి టీ తాగాం. తండ్రీ కొడుకులు పని చేయరు, ఒళ్లు వంచితే లాభం భూస్వామికే అనే లెక్క వాళ్లది. కోడలు పురిటి నొప్పులతో చస్తుంటే కదలరు. ఆ టీ నాకు దిగలేదు.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. రజనేష్ దోమల్‌పల్లి 'వనజ'. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో చదువు కోసం తీసిన థీసిస్ సినిమా. దొరసాని ఇంట్లో పనికి చేరి కూచిపూడి నేర్చుకునే పిల్ల కథ. వనజగా వేసిన మమతా భుక్యా అంతకుముందు కెమెరా ముందుకు రాలేదు, సినిమా కోసమే నాట్యం నేర్చుకుంది. 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి వచ్చింది. ఆ పిల్లకు మనం ఎన్ని ఫ్లెక్సీలు కట్టాం?

నేలటిక్కెట్ | 19 మే, ఉదయం 8:33

బాబాయ్, 'వనజ' పేరు ఇప్పుడే వింటున్నా. మా అమ్మ కూచిపూడి దగ్గరి ఊరే. సిగ్గుగా ఉంది. 'ఒక ఊరి కథ' విషయంలో ఒప్పుకుంటున్నా, ఎవరి సినిమా అనే పాయింటు వెనక్కి తీసుకున్నా.

చప్పట్ల పాయింటు వెనక్కి తీసుకోను.

నీస్_నెల్లూరోడు | 19 మే, మధ్యాహ్నం 1:40

అది నేనూ ఒప్పుకుంటా. ఇక్కడివాళ్లు నచ్చకపోయినా లేచి కొడతారు, సినిమావాళ్లు హాల్లోనే ఉంటారు కాబట్టి మర్యాద. చూడాల్సింది తర్వాత ఎవరు కొన్నారని. పాయల్ సినిమా అక్టోబరులో నీస్‌లో మామూలు థియేటర్‌కి వచ్చింది. టికెట్ కొనుక్కుని చూశాను. హాలు దాదాపు నిండింది. ఆ వర్షం సీన్లలో నాకు ఇల్లు గుర్తొచ్చింది, పక్కన కూర్చున్న జంటకి ఏం గుర్తొచ్చిందో!

ఈ ఏడాది జ్యూరీలో పాయల్ కూర్చుంది, గమనించారా? నీరజ్ ఘేవాన్ 'హోమ్‌బౌండ్' అన్ సర్టెన్ రిగార్డ్‌లో ఉంది. సత్యజిత్ రే 'అరణ్యేర్ దిన్ రాత్రి' కొత్త ప్రింట్ క్లాసిక్స్‌లో వేస్తున్నారు. ఈసారి అట్టముక్క ప్రింట్ తీయించా.

సబ్‌టైటిల్_రాణి | 19 మే, మధ్యాహ్నం 2:15

క్లాసిక్స్ అంటే పోయినేడు 'మంథన్' గుర్తొచ్చింది. శ్యామ్ బెనెగల్ 1976 సినిమా. గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని తీయించింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు బాగుచేసి కేన్స్‌లో వేశారు, నసీరుద్దీన్ షా వెళ్లాడు. నేలటిక్కెట్ గారూ, ప్రొడ్యూసర్లు ఐదు లక్షల మంది, అందరూ ఇక్కడివాళ్లే. ఈ సినిమా మీకు ఓకేనా?

నేలటిక్కెట్ | 19 మే, మధ్యాహ్నం 2:21

రెండు చేతులెత్తి దండం.

మోడరేటర్_2 | 19 మే, సాయంత్రం 4:00

'మీ షార్ట్ ఫిల్మ్‌కి కేన్స్ అవార్డు ఇప్పిస్తాం, ఫీజు ఇంత' అని ఒక కొత్త ఐడీ ఇక్కడ లింకు పెట్టింది, తీసేశాను. కేన్స్ ఊరి పేరు తగిలించుకుని నెలనెలా అవార్డులు పంచే ఆన్‌లైన్ పోటీలు చాలా ఉన్నాయి. డబ్బు కట్టేముందు ఇక్కడ అడగండి.

రీలుబండి | 21 మే, రాత్రి 10:55

ఆలస్యానికి సారీ. థ్రెడ్ మొత్తం బావమరిదితో కూర్చుని చదివించాను. మొదట మొహం మాడ్చుకున్నాడు. ఏసీ కోసం వచ్చినాయన దగ్గర నవ్వాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. మధ్యలో ఒక ఏజెంటు ఉన్నాడట. మార్కెట్ రిజిస్ట్రేషన్‌కి అయ్యేదానికి కొన్ని రెట్లు వీడి దగ్గర గుంజాడు. "సెలెక్టెడ్" అని సర్టిఫికెట్ కూడా వాడే డిజైన్ చేసి పంపాడు. సర్టిఫికెట్‌లో కేన్స్ స్పెల్లింగే తప్పు. మా వాడు ఫ్రెంచిలో అలాగే రాస్తారేమో అనుకున్నాడట.

కోడిపుంజు సినిమా గురించి నైట్‌షో రాసింది రెండుసార్లు చదివాడు. "నాలుగు రోజులా? నాకు పెళ్లి సీన్ ఒక్కటే ఐదు రోజులు పట్టింది" అన్నాడు. ఫిల్మ్ స్కూల్ ఎంట్రన్స్‌కి వయసు పరిమితి ఉందా అని అడుగుతున్నాడు, వాడికి ఇరవై ఆరు. ఎవరైనా చెప్పండి.

మామగారికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఫ్లెక్సీ ఎలా దింపించాలా అని టెన్షన్ పడుతుంటే నిన్న రాత్రి గాలివానకి సగానికి చిరిగింది. ఇప్పుడు "ముద్దుబిడ్డ" ఒక్కటే మిగిలింది.

సబ్‌టైటిల్_రాణి | 21 మే, రాత్రి 11:10

అది ఉంచేయండి, తప్పు లేదు. ఎంట్రన్స్ వివరాలు మెసేజ్ చేస్తాను. సినిమా లింకు ఉంటే పంపమనండి, సబ్‌టైటిల్స్ ఒకసారి చూసి పెడతాను. డబ్బులు వద్దు. ఆ ఏజెంటు ఫోన్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి, మోడరేటర్ ఊరుకోరు.